భర్త, ఒకటి

బుధవారం పొద్దున ఏడింటికి గుమాస్తా తన నల్ల సంచి సర్దుకున్నాడు. భార్య పాత స్కాన్ ఫిల్ములు రెండు కవర్లు, భోజనం డబ్బా, కళ్ళజోడు పెట్టె, స్వెట్టరు. ఆ రోజు పథకం నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ఎనిమిదింటికి ఆఫీసు. పదింటికి సెలవు. పదీ ఇరవైకి నలభై రెండో నంబరు బస్సు. పదకొండింటికి ఆసుపత్రి రెండో అంతస్తు, పద్నాలుగో గది. అక్కడ డాక్టరు ఆయన భార్య బయాప్సీ ఫలితం చదువుతాడు. చదివేటప్పుడు ఆయన ఆమె పక్క కుర్చీలో ఉండాలి.

ఆమె ఒక స్కూల్లో లెక్కల టీచరు. రొమ్ములో గడ్డ ఉందని తెలిసి ఐదు వారాలైంది. స్కాన్ రోజు తోడు వస్తానన్నాడు, రాలేదు. బయాప్సీ రోజు వస్తానన్నాడు. ఆమె ఒక్కతే బస్సులో ఇంటికి చేరి, పడుకుని, లేచి, పిల్లల పరీక్ష పేపర్లు సగం దిద్దాక వచ్చాడు. రెండుసార్లూ మధ్యలో ఇంకెవరికో మాట ఇచ్చి ఆ పనిలో పడ్డాడు. ఆ పనులూ పూర్తి కాలేదు.

"ఇవాళ వస్తారా?" అని అడిగింది ఆమె, చెప్పు పట్టీ బిగించుకుంటూ.

"తప్పకుండా."

"ఆ మాట వద్దు. ఇంకేదైనా చెప్పండి."

ఆయన ఆలోచించాడు. ఇంకో మాట తట్టలేదు.

"సరే, రాకపోతే నేనేం గొడవ పెట్టను లెండి. ఇక మిమ్మల్ని ఏదీ అడగను, అంతే" అని, గొడుగు తీసుకుని స్కూలుకు వెళ్ళిపోయింది. రెండు క్లాసులు చెప్పి అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్తుంది.

గొడవ పెడతానని ఉంటే ఆయన నిశ్చింతగా ఉండేవాడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో గొడవలకు అలవాటుపడ్డాడు. అడగననడం కొత్త. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అడగడం మానేసిన ఇల్లు ఎలా ఉంటుందో ఊహించాడు. ఉప్పు ఎక్కువైందా అని కూడా ఎవరూ అడగరు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆయన పనిచేసేది బస్సు కంపెనీ సెల్లార్లో. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు అక్కడికి వస్తాయి. ఆఫీసులో అందరూ ఆయన్ని 'తప్పకుండాగారు' అంటారు. ఎవరేం అడిగినా ఆయన అనే మొదటి మాట అదే. చివరి మాటా అదే. మధ్యలో ఏమీ జరగదు.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. దొరికిన వస్తువుకు యజమాని ఎవరో తెలిస్తే ఎర్ర చీటీ కడతారు. దాని మీద గళ్ళుంటాయి: వస్తువు, ఎవరికి, ఎక్కడ, ఎన్ని గంటలకు. కింద ఇంకో రెండు గళ్ళు అందుకున్నవారు నింపాలి: అందినప్పుడు స్థితి, సంతకం. సంతకం లేకుండా వ్యాను డ్రైవరు వెనక్కి రాకూడదు. పంతొమ్మిదేళ్ళలో ఎర్ర చీటీ కట్టిన వస్తువు సాయంత్రానికి ఆ సెల్లార్లో మిగిలిపోయిన రోజు లేదు. మాట తప్పేది ఆయన. చీటీ ఎన్నడూ తప్పలేదు.

ఎనిమిదిన్నరకు ఆయనకు ఆ సంగతే తట్టింది. ఒక ఎర్ర చీటీ తీసి నింపాడు. ఎవరికి అన్నచోట భార్య పేరు. ఎక్కడ అన్నచోట ఆసుపత్రి, పద్నాలుగో గది. ఎన్ని గంటలకు అన్నచోట పదకొండు. వస్తువు అన్నచోట కాసేపు ఆగి, 'భర్త, ఒకటి' అని రాశాడు. దారం చొక్కా గుండీకి కట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ లెక్క ప్రకారం ఇక తను చేరకపోయే అవకాశం లేదు.

మొదట వచ్చినాయన టోపీ కోసం వచ్చాడు. కౌంటరు మీదికి వంగి చీటీ చదివాడు.

"మిమ్మల్ని ఏ బస్సులో మరిచిపోయారు సార్?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. గుమాస్తా చీటీ విప్పి, కౌంటరు చివర పెట్టుకున్న నల్ల సంచి పిడికి కట్టాడు. సంచి తనతోనే వస్తుంది కదా, చీటీ ఎక్కడుంటేనేం అనుకున్నాడు.

ఆ కౌంటరులో ఆయనతోపాటు ఇంకొకావిడ ఉంది, అప్పుడు లోపల బీరువాలు సర్దుతోంది. చెకింగ్ మేడం అంటారు. ఇరవై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి, మోకాళ్ళ నొప్పులతో మూడు వారాల క్రితం సెల్లారుకు మారింది. మొదటి రోజే గుమాస్తా ఆవిడకు రెండు సంగతులు చెప్పాడు.

"చీటీ కట్టేదాకా అది ఎవరిదో ఒకరిది. కట్టాక ఎవరిదీ కాదు, వస్తువు. ఇది ఒకటి. రెండోది, వస్తువు గడిలో ఏం రాసుందో చూసి ఆగిపోకండి. ఒకావిడ మా నాన్న బస్సులో ఉండిపోయాడని ఏడ్చింది మేడం. పోలీసులకి కూడా ఫోన్ చేశాం. తీరా చూస్తే ఫ్రేము కట్టిన ఫొటో. అప్పటికి రెండ్రోజులుగా ఆ నాన్న మా బీరువాలోనే ఉన్నాడు. తప్పు కదా?"

"తప్పే సార్" అని ఆవిడ పుస్తకంలో రాసుకుంది. చేతిలో కాగితం ఉన్నవాణ్ణి ఆవిడ ఎప్పుడూ దింపలేదు. లేనివాణ్ణి ఎప్పుడూ వదల్లేదు.

తొమ్మిదీ నలభైకి సంగీతం మాస్టారు వచ్చాడు. వాన జోరందుకుంది.

"నా గొడుగు ఇవాళ వెతికి పెడతానన్నారు."

"తప్పకుండా" అన్నాడు గుమాస్తా. అనేశాక గుర్తొచ్చింది, ఇవాళ ఎవరికీ ఆ మాట అనకూడదనుకున్నాడని. గడియారం చూశాడు. ఇరవై నిమిషాలుంది. గొడుగుల గదిలోకి వెళ్ళాడు. అక్కడ మూడు వందల నలభై గొడుగులున్నాయి. మూడు వందల పది నల్లవి.

ఆయన గొడుగులు తెరిచి మూస్తుండగా వ్యాను వచ్చింది. చెకింగ్ మేడం ఎర్ర చీటీలున్నవన్నీ పోగుచేసింది. ఒక ఊతకర్ర, ఒక వయొలిన్, ఒక నల్ల సంచి. సంచి చీటీ చదివింది. 'భర్త, ఒకటి.' కొంచెం ఆగింది. తర్వాత తనకు చెప్పిన పాఠం గుర్తుచేసుకుని, ఫొటో అయ్యుంటుందిలే అనుకుని డ్రైవరు చేతికిచ్చింది.

"జాగ్రత్తగా తీసుకెళ్ళు. అద్దం పగులుతుంది."

పదీ పదికి గుమాస్తా ఒక గొడుగుతో బయటికొచ్చాడు. మాస్టారు దాన్ని తిప్పి చూశాడు.

"ఇది నాది కాదు. కానీ వాన పడుతోంది" అని పట్టుకెళ్ళిపోయాడు.

కౌంటరు చివర సంచి లేదు.

"మేడం, నా సంచి చూశారా?"

"మీ సంచి చూడలేదు సార్" అంది ఆవిడ. అబద్ధం కాదు. చీటీ కట్టాక అది ఆయనది కాదు.

పాత ఫిల్ములు పక్కన పెట్టుకుంటే తప్ప నోరు విప్పనని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. గుమాస్తా కౌంటరు కింద వెతికాడు, బీరువాల్లో వెతికాడు, తిరిగి గొడుగుల గదిలో వెతికాడు. పదీ ఇరవై బస్సు తలపైన రోడ్డు మీద నుంచి వెళ్ళిన చప్పుడు వినిపించింది.

"ఇలా వెతికితే దొరకదు సార్. ఫారం నింపండి" అంది చెకింగ్ మేడం.

"నేనిక్కడ పనిచేస్తాను మేడం!"

"నిన్న ఒకాయన కూడా అలాగే, నేనెవరో తెలుసా అన్నాడు. నింపించాను."

ఆయన నింపాడు. నల్ల సంచి, పిడి దగ్గర కుట్టు తెగింది, లోపల ఫిల్ములు, భోజనం డబ్బా. ఆవిడ ఫారం అందుకుని, పై నుంచి కింద దాకా వేలు పెట్టి చదివి, తన పుస్తకంతో పోల్చి చూసింది.

"దొరికింది సార్. తొమ్మిదీ యాభై ఐదుకి వ్యానులో వెళ్ళింది. ఆసుపత్రికి." ఆవిడ ముఖంలో మూడు వారాల్లో మొదటిసారి సంతోషం కనిపించింది. "ఎర్ర చీటీ ఉందిగా. చేరిపోయి ఉంటుంది."

చేరిపోయింది.

బస్సు కంపెనీలో ఎర్ర చీటీ అంటే యజమాని దొరికాడని. ఆసుపత్రిలో అర్థం వేరు. అక్కడ చనిపోయినవాళ్ళ బట్టలు, కళ్ళజోడు, చేతి గడియారం ఒక సంచిలో వేసి, ఎర్ర చీటీ కట్టి, ఇంటివాళ్ళకు ఇచ్చి సంతకం తీసుకుంటారు. అందుకని డ్రైవరు పదీ ఇరవై ఐదుకు రెండో అంతస్తులో నల్ల సంచి పట్టుకుని నిలబడగానే నర్సు లేచి నిలబడింది. డ్రైవరు టోపీ తడిసిందని తీసి చేత్తో పట్టుకున్నాడు. నర్సుకు అది కూడా కనిపించింది. ఆవిడ చీటీ చదివింది. సంచిలోకి చూసింది. కళ్ళజోడు. స్వెట్టరు. తెరవని భోజనం డబ్బా.

"అయ్యో. ఎప్పుడు?"

"పొద్దున్నే అమ్మా."

"ఎక్కడ?"

"మా ఆఫీసులోనే. టేబుల్ దగ్గర."

"ఎవరూ చూసుకోలేదా?"

"మేడం ఒకావిడ చూసుకుంటేనే కదమ్మా పంపింది. సంతకం కావాలి."

నర్సు డ్రైవరును వరండాలో కూర్చోమని, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో గ్లాసు నీళ్ళు పట్టుకుని పద్నాలుగో గదిలోకి వెళ్ళింది. లెక్కల టీచరు అప్పటికే వచ్చి రెండు కుర్చీల్లో ఒకదానిలో కూర్చుని ఉంది. రెండోదాని మీద గొడుగు పెట్టింది, ఇంకెవరూ కూర్చోకుండా.

నర్సు ఆమె చేయి పట్టుకుని చెప్పింది. టీచరు సంచి వైపు చూసింది. చీటీ తీసుకుని చదివింది. రెండోసారి చదివింది.

"ఇక్కడ సంతకం పెట్టాలట అమ్మా" అంది నర్సు, గొంతు తగ్గించి.

"ఇప్పుడు పెట్టను."

"అలాగే, అలాగే. తొందరేం లేదు."

"వస్తువు ఇంకా అందలేదు" అంది టీచరు.

నర్సు బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంది. డాక్టరుకు చెప్పింది. ఫైల్లో ఉన్న స్కూలు నంబరుకు ఫోన్ చేసింది. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ గంట కొట్టించి పిల్లల్ని ఇళ్ళకు పంపించి, ఇద్దరు టీచర్లను వెంటబెట్టుకుని బయల్దేరింది. బయల్దేరేముందు బస్సు కంపెనీ హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, మీ మనిషి చనిపోతే ఇంటావిడకు సంచి పంపి ఊరుకుంటారా, ఒక మనిషి రాలేడా అని కడిగేసింది. హెడ్డాఫీసులో మేనేజరుకు విషయం తెలియదు. తెలియదని చెప్పడం బాగుండదని, అన్ని ఏర్పాట్లూ జరుగుతున్నాయన్నాడు.

పదీ నలభైకి గుమాస్తా భార్యకు ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఫోన్లు ఆపమని బోర్డు ఉంది. ఆమె బోర్డులు పాటించే మనిషి. రెండో అంతస్తు నంబరుకు చేశాడు. నర్సు ఎత్తింది.

"బస్సు కంపెనీ నుంచి మాట్లాడుతున్నానండీ. పద్నాలుగో గదిలో ఉన్నావిడ, ఆవిడ భర్త సంగతి..."

"చెప్పేశాం సార్. కూర్చోబెట్టాం."

"ఎలా ఉంది?"

"ధైర్యంగానే ఉన్నారు. కన్నీళ్ళు కూడా రాలేదు. అదే మాకు భయంగా ఉంది."

"డాక్టరుగారిని ఇప్పుడే ఏమీ చెప్పొద్దనండి. ఒక్క అరగంట."

"ఇంత జరిగాక ఎలా చెప్తారు సార్? ఇవాళ ఆ ఫైలు తెరవనన్నారు" అని నర్సు ఫోన్ పెట్టేసింది.

ఏం జరిగిందో ఆయనకు అర్థం కాలేదు. తను రాలేదన్న కోపంతో ఆమె ఏదో చేసిందనుకున్నాడు. వానలో పరిగెత్తి నలభై రెండో నంబరు బస్సెక్కాడు. దారి పొడుగునా నిలబడే ఉన్నాడు. కూర్చుంటే ఆలస్యమవుతుందేమోనని.

పదకొండూ పదికి ఆసుపత్రి గుమ్మం దగ్గర గార్డు ఆపాడు.

"ఎక్కడికి?"

"రెండో అంతస్తు. పద్నాలుగో గది."

"ఆ గదికి ఎవర్నీ పంపొద్దన్నారు. పాపం, ఆవిడ భర్త చనిపోయాడు."

"ఏ ఆవిడ?"

"లెక్కల టీచరట. భర్త బస్సు కంపెనీలో పనట. టేబుల్ దగ్గరే ప్రాణం పోయిందట."

"నేనే ఆ భర్తని."

గార్డు ఆయన్ని పై నుంచి కింద దాకా చూశాడు. "చదువుకున్నవారిలా ఉన్నారు. చావింట్లో వేళాకోళమా సార్?"

"ఒట్టు. బతికే ఉన్నాను."

"అది నాకు కనిపిస్తోంది. మీరే ఆ భర్తని ఎలా నమ్మమంటారు?"

ఆయన జేబులో అందుకు కాగితమేమీ లేదు. ఆఫీసు గుర్తింపు కార్డు మాత్రం ఉంది. చూపించాడు. గార్డు ముఖం విప్పారింది.

"బస్సు కంపెనీయా? సామాను సంతకం కోసం వచ్చారా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. మీవాడొకడు ముప్పావుగంట నుంచి పైన కూర్చునున్నాడు. వెళ్ళండి."

భర్తను ఆపిన గుమ్మం గుమాస్తాను వదిలింది.

వరండాలో హెడ్‌మిస్ట్రెస్, ఇద్దరు టీచర్లు గోడకు ఆనుకుని నిలబడి, ఆయన ఎంత మంచివాడో చెప్పుకుంటున్నారు. వాళ్ళెవరూ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. స్కూలు వార్షికోత్సవాలకు తప్పకుండా వస్తానని తొమ్మిదిసార్లు కబురు పంపాడు.

"అడిగితే కాదనని మనిషట" అంది ఒక టీచరు.

"దారివ్వండమ్మా" అని ఆయన వాళ్ళ మధ్య నుంచి వెళ్ళి పద్నాలుగో గది తలుపు తోశాడు.

నర్సు వెనక్కి తిరిగింది. ఫైల్లో వెనక అట్టకు బీమా కోసం ఇచ్చిన దంపతుల ఫొటో ఒకటి గుచ్చి ఉంది. ఆ ముఖం గుమ్మంలో ఉంది, నీళ్ళు కారుతూ. ఆవిడ చేతిలో గ్లాసు నేల మీద పడింది. డాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు.

లెక్కల టీచరు గోడ గడియారం చూసింది.

"పదకొండూ పదహారు" అంది. రెండో కుర్చీ మీద గొడుగు తీసి కింద పెట్టింది. "కూర్చోండి."

"మీరు..." అన్నాడు డాక్టరు.

"భర్తనండీ."

"ఒకటి" అంది ఆమె.

నర్సు గ్లాసు ముక్కలు ఊడ్చింది. ఊడ్చాక ఆగలేకపోయింది.

"మీకు తెలుసా అమ్మా ఆయన బతికున్నారని?"

"చీటీ చూడగానే తెలిసింది. ఆయన చేతిరాతే. చనిపోయినవాడు తన చీటీ తనే రాసి కట్టుకోడు కదా."

"మరి చెప్పలేదేం? నేను ఎంత ఏడ్చాను!"

"చెప్తే డాక్టరుగారు ఫైలు తెరుస్తారు" అంది ఆమె. "ఈయన ఇంకా రాలేదు."

గుమాస్తా చొక్కా చివర నుంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టు కుర్చీ కిందికి కారుతున్నాయి.

"ఇంకో సంగతి" అంది ఆమె డాక్టరుతో. "ఫలితం మంచిదైతే, భర్త చనిపోయినదానికైనా మీరు చెప్పేసి ఉండేవారు. వచ్చేవారం చూద్దామన్నారు. అప్పుడే లెక్క తేలింది. మిగతాది చెప్పండి."

డాక్టరు పాత ఫిల్ములు వెలుతురుకు పెట్టాడు. కొత్తవి పక్కన పెట్టాడు. చదివాడు. గడ్డ మంచిది కాదు. చిన్నది. సోమవారం తీసేయాలి. తర్వాత ఆరు నెలలు మందులు. తొందరగా వచ్చారు కాబట్టి ఆశ ఉంది.

"ఎంత ఉంది?"

"ఒకటి పాయింటు నాలుగు సెంటీమీటర్లు."

ఆమె తల ఊపింది. సంచి మీద ఉన్న ఆమె చెయ్యి మాత్రం పిడి దగ్గర తెగిన కుట్టు దారాన్ని లాగడం మొదలుపెట్టింది. ఆయన తన చెయ్యి తీసుకెళ్ళి దాని మీద పెట్టాడు.

"సోమవారం మీతో ఎవరుంటారు?" అని డాక్టరు ఆమెను అడిగాడు.

ఆమె ఆయన వైపు తిరిగింది. అడగకుండా ఉండటానికి ఆమెకు ఇదే సమయం.

"ఏమండీ, సోమవారం వస్తారా?" అంది ఆమె.

ఆయన నోటి దాకా మాట వచ్చింది. మింగేశాడు.

"ఎన్ని గంటలకి?" అన్నాడు.

తలుపు సందులోంచి డ్రైవరు టోపీ తొంగి చూసింది.

"సార్, మీరు లోపలికి రావడం చూశాను. హెడ్డాఫీసు నుంచి ఫోనండీ. మీ కోసం అందరూ రెండు నిమిషాలు నిలబడ్డారంట. ఇప్పుడే కళ్ళారా చూశానని చెప్తే, అయితే బోర్డు మీద పెట్టిన సంతాపం నోటీసు తీసెయ్యడానికి మిమ్మల్నే అర్జీ పెట్టుకోమన్నాడు మేనేజరు." తర్వాత టీచరు వైపు తిరిగి చేతులు నలుపుకున్నాడు. "అమ్మా, ఆ సంతకం ఒక్కటీ పడేస్తే నేను వెళ్తాను. వయొలిన్ ఇంకా ఇవ్వలేదు."

ఆమె ఎర్ర కలం తీసింది. పేపర్లు దిద్దే కలం అదే. చీటీని సంచి మీద పెట్టి సంతకం చేసింది. పైన ఇంకో గడి ఖాళీగా ఉండటం చూసి, పక్కన కూర్చున్న మనిషిని ఒకసారి తేరిపార చూసి, అదీ నింపింది.

'అందినప్పుడు స్థితి: పదహారు నిమిషాలు ఆలస్యం. తడిసినది. పనిచేస్తోంది.'